క్యాప్చర్ కార్డు: టేపుకీ ఎడిటింగ్ టేబుల్‌కీ మధ్య

వీడియో రికార్డు చేసుకోవడానికి పనికొచ్చే కార్డు వేరు, ఎడిటింగ్‌కు పనికొచ్చే కార్డు వేరు. క్యాప్చర్ కార్డుల చరిత్రంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు 720 x 576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. పిక్సెల్‌కు రెండు బైట్లు వేసుకున్నా సెకనుకు 20 మెగాబైట్లు దాటుతుంది. 1990ల మొదట్లోని ఐఎస్‌ఏ స్లాటుకు గానీ, హార్డ్ డిస్కుకు గానీ అంత సత్తా లేదు. 1989లో మెకింతాష్ మీద వచ్చిన ఎవిడ్ ఎడిటింగ్ వ్యవస్థ పెద్ద స్టూడియోలకే అందేది. 1990లో అమీగా కంప్యూటర్ మీద వచ్చిన వీడియో టోస్టర్ మిక్సింగు, ఎఫెక్టులు అద్భుతంగా చేసింది కానీ, ఫుటేజీ టేపు మీదే ఉండేది. 1992లో మైక్రోసాఫ్ట్ ‘వీడియో ఫర్ విండోస్’ తెచ్చినప్పుడు కూడా తెర మీద ఆడింది అగ్గిపెట్టెంత బొమ్మే.

పీసీఐ స్లాటు వచ్చాక పరిస్థితి మారింది. మీరో డీసీ20, డీసీ30, ఫాస్ట్ ఏవీ మాస్టర్ లాంటి కార్డులు మోషన్ జేపెగ్ పద్ధతి పట్టాయి. ఏ ఫ్రేముకు ఆ ఫ్రేమునే విడిగా కుదించడం ఇందులో కీలకం. ఎంపెగ్ అలా కాదు. అందులో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి, ఎక్కడంటే అక్కడ కోయడం కష్టం. ఫైలు చిన్నదవుతుందని ఎంపెగ్ కార్డు కొన్నవాళ్లు కటింగ్ దగ్గర అవస్థపడ్డారు. ఇక డీసీ20లో ఆడియో లేదు. ధ్వనిని సౌండ్ కార్డు ద్వారా తీసుకోవాలి. రెండు కార్డుల గడియారాలూ ఒకే వేగంతో నడవవు కాబట్టి క్లిప్పు పొడుగయ్యేకొద్దీ పెదాలకూ మాటకూ పొంతన తప్పేది. డీసీ30లో ఆడియో కూడా కార్డులోనే చేర్చారు. నన్నడిగితే, ఆ రోజుల్లో బొమ్మ నాణ్యత కంటే ముందు చూడాల్సింది ఇదే.

1995లో డీవీ అనే డిజిటల్ టేపు పద్ధతి వచ్చి కార్డు పనినే మార్చేసింది. బొమ్మను కుదించే పని కెమెరాలోనే అయిపోతుంది. ఫైర్‌వైర్ కార్డు చేసేది ఉన్నదున్నట్టు కాపీ చేయడమే. సెకనుకు 3.6 మెగాబైట్లు, గంట టేపుకు సుమారు 13 గిగాబైట్లు. ఫ్యాట్32 డిస్కు మీద ఫైలు 4 గిగాబైట్లు దాటదు కాబట్టి, ఒక్క ఫైలులో 19 నిమిషాలకు మించి పట్టేది కాదు. కాపీ ఒక్కటే కావాలంటే మామూలు ఫైర్‌వైర్ కార్డు చాలు. కెనోపస్, మాట్రాక్స్ కార్డులకు ఎక్కువ పెట్టినవాళ్లు కొన్నది రియల్ టైమ్ ఎఫెక్టులను, రెండరింగ్‌కు పోకుండా మిగిలే రాత్రులను. తెలుగునాట పెళ్లి వీడియోలు చేసే స్టూడియోల్లో కెనోపస్ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ పాతుకుపోయిందంటే, ఆ వేగమే కారణమని నా నమ్మకం.

తర్వాతి దశ త్వరగా గడిచిపోయింది. 2006లో బ్లాక్‌మ్యాజిక్ ఇంటెన్సిటీ హెచ్‌డీఎంఐ క్యాప్చర్‌ను చవక చేసింది. అదే ఏడాది సోనీ, పానసోనిక్ ఏవీసీహెచ్‌డీ రికార్డింగ్ పద్ధతిని ప్రకటించాయి. కెమెరాలు టేపు వదిలి మెమరీ కార్డులకు మారాక, ఎడిటింగ్ కోసం క్యాప్చర్ చేసే అవసరమే పోయింది. ఇప్పటి కార్డులు ఎక్కువగా గేమింగ్‌కు, లైవ్ స్ట్రీమింగ్‌కు.

ఒక్క పని మాత్రం మిగిలే ఉంది, ఇళ్లలోని వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. దాని కోసం కార్డు వెతికేవాళ్లు 4కే అన్న ముద్ర చూసి మోసపోవద్దు. ఆడియో ఇన్‌పుట్ కార్డులోనే ఉందా, ఎస్-వీడియో ఉందా, ఫ్రేములు జారకుండా పడుతున్నాయా చూడండి. పాత టేపు సిగ్నల్ వణుకుతుంది కాబట్టి వీలైతే మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ పెట్టండి. పాల్ సిగ్నల్‌లో సెకనుకు 50 ఫీల్డులుంటాయి. సగం పారేసే చవక డాంగిల్‌తో ఆ క్యాసెట్లను క్యాప్చర్ చేయకండి.