గిలకపాము, మన చిన్న పింజరి

ప్రాణము తీయగల జంతువు ముందుగా హెచ్చరిక చేయుట వింతగా తోచవచ్చును. అమెరికా ఎడారులలోని గిలకపాము అట్టిదే. దాని తోక చివర ఎండిన పొలుసుకట్లు గొలుసువలె అమరియుండును. ఎవరైనను సమీపించినచో తోక నాడించి వానిని గిలక్కాయవలె మ్రోగించును. ఎండవేళ రాళ్ల సందులలోను, బొరియలలోను దాగి, చల్లబడిన పిదప ఆహారమునకై వెడలును. ఒకమారు తిన్నచో చాల దినములు ఉపవసింపగలదు. వాన కురిసినప్పుడు చుట్టచుట్టుకొని, తన వీపుపై నిలిచిన నీటినే త్రాగును.

ఆ పాము మన దేశమున లేదు. కాని దాని దాయాది యొకటి తెలంగాణ మెట్టభూములలో, రాతినేలలలో కలదు. అదియే చిన్న పింజరి. సాధారణముగా రెండడుగులకు మించదు. తేళ్లు, జెఱ్ఱులు, బల్లులు, చిట్టెలుకలు దాని ఆహారము. తోకకు గిలక లేకున్నను, రంపపు పండ్లవంటి ప్రక్కపొలుసులను ఒండొంటితో రాచి గరగరమని చప్పుడు చేయును.

మన పాములను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో పాట్రిక్ రస్సెల్ ముఖ్యుడు. 1780 దశకమున విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండి, పాములను సేకరించి, స్థానికులు చెప్పిన పేర్లను వ్రాసికొనెను. 1796లో వెలువడిన ఆయన గ్రంథమున రక్తపింజరి ‘కాటుకరేకుల పొడ’ యను తెలుగు పేరుతోనే కానవచ్చును. చిన్న పింజరి చిత్రమును అందు కలదు. విషము గల పామేదో, లేనిదేదో జనులు గుర్తింపవలెనని ఆయన తలంపు. నిజమైన విరుగుడు మాత్రము ఆనాడు లేదు.

ఆ లోటు తీరుటకు నూరేండ్లు పట్టెను. 1890 దశకమున ఫ్రాన్సు వైద్యుడు కాల్మెట్ జంతువులకు నాగుపాము విషమును కొంచెము కొంచెముగా ఎక్కించి, వాని రక్తమునుండి విరుగుడు తీసెను. అది పింజరి విషమునకు పనిచేయలేదు. నేడు మన దేశమున తయారగు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషమునకును ఉద్దేశింపబడినది.

అయినను 2000 నుండి 2019 వరకు దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల అంచనా. అందు దాదాపు సగము మరణములు వానకాలమున సంభవించినవే. కరీంనగరు, ఆదిలాబాదు రైతులు పత్తిచేలలో, వరిపొలములలో తీరికలేక పనిచేయు కాలమదియే. కాటుపడినవానిని మంత్రగాని యింటికి త్రిప్పినంతసేపును మందు ఆసుపత్రిలోనే యుండును. గాయమును కోయరాదు, బిగించి కట్టరాదు. కాటుపడిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. రాత్రివేళ చేనికి పోవువారు చేతిలో దీపము, కాళ్లకు చెప్పులు మరువరాదు. గట్టుప్రక్క గరగర వినవచ్చినచో రాయి యెత్తక, రెండడుగులు వెనుకకు వేయుట మేలు.