జీనుల దుకాణములోని అంధ బాలుడు

లూయీ బ్రెయిలీ అను పేరు నీవు వినియే యుందువు. అంధులు వ్రేళ్లతో తడిమి చదువుకొను చుక్కల లిపిని కల్పించినవాడు. అయితే ఆ లిపికి ముందు పదియేండ్ల కథ యొకటి యున్నది. దానిని తలంచువారు తక్కువ. నా మట్టుకు నాకు లిపికన్న ఆ పదియేండ్లే ముఖ్యముగా తోచుచున్నవి.

లూయీ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన, పారిసు నగరమునకు తూర్పున నున్న కుప్వ్రే యను పల్లెలో జన్మించెను. తండ్రి సిమోన్ రెనే గుఱ్ఱపు జీనులు, కళ్లెములు కుట్టి జీవించువాడు. నలుగురు పిల్లలలో లూయీ కడగొట్టువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిచోట తోలు పొడువబోగా మొనగల పనిముట్టు జారి కంటికి తగిలెను. ఆ పుండు రెండవ కంటికిని సోకెను. అయిదేండ్ల నాటికి చూపు పూర్తిగా పోయెను.

ఆ కాలమున బీదయింటి అంధశిశువునకు తఱచుగా మిగులునవి రెండే: ఇంటిమూల, లేదా భిక్షపాత్ర. మన వీధులలో మాత్రము ఇంటిమూల నెఱుగని బిడ్డలందఱును అదృష్టవంతులేనా? సిమోన్ రెనే అట్లు చేయలేదు. కుమారుని యెత్తునకు తగిన చేతికఱ్ఱలు చెక్కి యిచ్చెను. పిల్లవాడు దానితో తట్టుకొనుచు ఊరి దారులు నేర్చెను. చెక్కమీద మేకులు కొట్టి అక్షరముల రూపులు చేసి వ్రేళ్లకు చూపెను. జీనులకు కట్టు కుచ్చులు అల్లు పనియు అప్పగించెను. జాలిపడుట సులభము, పని అప్పగించుటకు ధైర్యము కావలెను.

1815లో ఆ యూరికి జాక్ పాలూయి అను గురువు వచ్చెను. ఆయన బాలుని చేరదీసి పాఠములు చెప్పెను. అంతతో ఊరకుండక, ఊరిబడి ఉపాధ్యాయుడైన బెషెరేతో మాటలాడి, చూపుగల పిల్లల నడుమ కూర్చుండబెట్టించెను. ప్రత్యేకపు బల్ల లేదు, ప్రత్యేకపు పుస్తకము లేదు. చెవితో విన్నదంతయు పట్టుకొని లూయీ తరగతిలో ముందు నిలిచెను.

చదువుటకు పుస్తకము లేనిచో ఎంతవరకు సాగును? 1819 ఫిబ్రవరిలో, పదియేండ్ల వయస్సున, పారిసులోని అంధుల పాఠశాలకు పంపిరి. 1785లో వాలెంటిన్ ఆయూయీ స్థాపించిన పాఠశాల యది. అచ్చట ఉబ్బెత్తు అక్షరముల పుస్తకములు కొన్ని యుండెను. మోయలేనంత బరువు, చదువుట మిక్కిలి నెమ్మది. తరువాత షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి పండ్రెండు చుక్కల పద్ధతి నొకదానిని తెచ్చెను. అందులో ధ్వనులకే గాని వర్ణక్రమమునకు చోటు లేదు. ఒక్కొక్క గుర్తు వ్రేలికొనకు ఇమడదు. లూయీ పదునైదేండ్లకే, 1824 నాటికి, దానిని ఆరు చుక్కలకు కుదించి ప్రతి అక్షరమునకు ఒక గుర్తు నేర్పఱచెను. 1829లో అది అచ్చుపడెను.

ఆ లోపము అతనికే యేల పట్టుబడెను? ఇది నా యూహయే: మేకులతో అక్షరములు తడిమిన వ్రేళ్లవి, చూపుగలవారి బడిలో కూర్చుండిన పిల్లవాడతడు. లోకము వ్రాయునట్లే తానును వ్రాయవలెనని కోరెను. 1839లో అతడు ప్రకటించిన మఱియొక పద్ధతి దీనికి సాక్ష్యము. చుక్కలతోనే మామూలు అక్షరముల ఆకారము గీయుట యది. అంధుడు వ్రాసిన ఉత్తరమును ఇంటివారు కన్నులతో చదువుకొనవచ్చును.

అతడు 1833 నుండి ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడాయెను, పారిసు దేవాలయములలో ఆర్గన్ వాయించెను. క్షయవ్యాధిచే 1852 జనవరి 6న మరణించెను. ఫ్రాన్సులో ఆ లిపికి అధికారికముగా గుర్తింపు వచ్చినది 1854లో.

1951లో మన దేశభాషలన్నిటికి భారతి బ్రెయిలీ ఏర్పడినపుడు తెలుగునకును ఆ ఆరు చుక్కలే వచ్చెను. ‘అ’కు మొదటి చుక్క, ‘క’కు మొదటిది, మూడవది. మఱుసటి యేడు లూయీ అస్థికలను పారిసులోని పాంథియోనునకు తరలించిరి. చేతులను మాత్రము కుప్వ్రే గ్రామమువారు తమ శ్మశానవాటికలోనే యుంచుకొనిరి.