హెడ్‌సెట్ కంటే ముందు టీవీ పెట్టె వచ్చింది: వర్చువల్ రియాలిటీపై అధ్యాపకులు, విద్యార్థుల వైఖరి

ఉన్నత విద్యలో వర్చువల్ రియాలిటీ గురించి ప్రశ్న వస్తే మనందరం రాసే జవాబు ఒక్కటే: విద్యార్థులు ఉత్సాహంగా ఉన్నారు, అధ్యాపకులు వెనకాడుతున్నారు, శిక్షణ ఇస్తే సరిపోతుంది. నేనూ రెండు టెస్ట్ సిరీస్‌లలో అదే రాశాను. వెనక్కి వెళ్లి చరిత్ర చదివాక ఆ జవాబు మీద నాకు నమ్మకం పోయింది. మీరూ చూడండి.

1984 ఆగస్టు 15న యూజీసీ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలైంది. ఇన్సాట్-1బి ద్వారా దూరదర్శన్‌లో డిగ్రీ స్థాయి కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. నగరంలో దొరికే మంచి పాఠం చిన్న ఊరి కాలేజీకీ అందాలన్నది ఉద్దేశం. అయితే ఆ కార్యక్రమాలు సిలబస్‌ను అనుసరించేవి కావు, అదనపు విజ్ఞానం కోసం తయారైనవి. ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. ప్రసార సమయం దూరదర్శన్ చేతిలో, టైమ్‌టేబుల్ కాలేజీ చేతిలో. పరీక్షలో రాని పాఠం కోసం తెలుగు మీడియం విద్యార్థి టీవీ ముందు కూర్చోకపోతే అది సాంకేతికతపై విముఖత అవుతుందా? తెరలో మాట్లాడే మనిషిని మధ్యలో ఆపి ప్రశ్న అడిగే వీలు కూడా లేదు. ఆ లోటు తీర్చడానికే 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. (విద్య కోసమే ప్రయోగించిన మన తొలి ఉపగ్రహం, రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్01. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి.)

నిజానికి వర్చువల్ రియాలిటీ చర్చకు బాగా దగ్గరి ఉదాహరణ కప్ప. జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో డిసెక్షన్ తగ్గించాలని 2011లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో ఆపేయమంది. బదులుగా కంప్యూటర్ నమూనాలు. జీవహింస, జీవవైవిధ్యం దృష్ట్యా సమర్థించినవారు ఉన్నారు. కణజాలం స్పర్శ, కత్తి పట్టే నేర్పు తెరమీద రావన్నవారూ ఉన్నారు. ఈ రెండో మాటను పాతకాలపు మొండితనం అని కొట్టేయకండి. చేతితో నేర్చుకునేది ఏమిటన్నది నిజమైన విద్యా ప్రశ్న.

నా అనుభవం చెబుతాను. లాక్‌డౌన్ సెమిస్టర్‌లో మాకు వర్చువల్ ల్యాబ్ లింకులు పంపారు. కేంద్రం 2009లో ప్రారంభించిన ఐసీటీ విద్యా మిషన్ కింద ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు తయారుచేసినవే. మంచి పని. మాకు నచ్చాయి కూడా. ఎందుకు నచ్చాయంటే రీడింగులు ఒక్కసారికే సరిగ్గా వచ్చేవి, రికార్డు గంటలో పూర్తయ్యేది! అప్పుడెవరైనా సర్వే చేసి ఉంటే మేమంతా 'అనుకూలం' అనే టిక్ పెట్టేవాళ్లం. క్యాంపస్‌కు తిరిగొచ్చాక అసలు ఆసిలోస్కోప్ ముందు ప్రోబ్ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. మా ల్యాబ్ సార్‌కు మొదటినుంచీ ఈ లింకులంటే పడదు. ఆయన్ని మేం వెనకబడినవాడనుకున్నాం.

జాతీయ విద్యా విధానం 2020 లోని 24వ అధ్యాయం ఆగ్మెంటెడ్, వర్చువల్ రియాలిటీ పాఠ్యాంశాలను డిజిటల్ భాండాగారంలో చేర్చాలంటోంది. ఒక హెడ్‌సెట్ ఒకసారికి ఒక్కరికే. అరవై మంది తరగతిలో మిగతావాళ్లు ఏం చేస్తారు, మార్కులు దేనికి, పాఠం ఏ భాషలో, తయారీలో అధ్యాపకుడి మాటకు చోటుందా అనేవి 1984 నాటి ప్రశ్నలే.

ఈ వారం సాధనకు: 'ఉన్నత విద్యలో కొత్త సాంకేతికతను అధ్యాపకులు అడ్డుకుంటున్నారన్న వాదనను చారిత్రక ఉదాహరణలతో పరిశీలించండి.' 250 పదాలు. 'శిక్షణ ఇస్తే సరిపోతుంది' అనే వాక్యం వాడకుండా రాయండి.