పాడుబడిన మండువా ఇళ్ల ఫొటోలు: ఎక్స్‌పోజర్
విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కృష్ణా డెల్టా పల్లెల్లోకి వెళితే, పాడుబడ్డ మండువా లోగిళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. వీటిని ఫొటో తీయడంలోని చిక్కంతా కట్టుబడిలోనే ఉంది. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, వాటి వెనక తలుపులు మూసిన గదులు. మిట్టమధ్యాహ్నం ఎండలో సుమారు 1,00,000 లక్స్ వెలుగుంటే, గదిలో 50 కూడా ఉండకపోవచ్చు. అంటే 11 స్టాపుల తేడా. కెమెరా మీటరేమో ఎదుట ఏమున్నా అది మధ్యస్థ బూడిదరంగేనని నమ్ముతుంది. అందుకే సున్నపు గోడ మాసినట్టు, మసిబారిన దూలం వెలిసినట్టు వస్తాయి.

కాబట్టి ఎండ పడ్డ గోడను స్పాట్ మీటరుతో కొలిచి, ఆ విలువకు రెండు స్టాపులు మించకుండా పెంచి, రా ఫైలుగా తీయడం మేలు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌ల జోన్ పద్ధతి నీడల్ని బట్టి ఎక్స్‌పోజర్ ఇమ్మంది నిజమే; కానీ అది నెగటివ్ ఫిల్ముకు చెల్లిన మాట. సెన్సారు మీద పూర్తిగా తెల్లబారిన చోట వివరం తిరిగి రాదు. నీడల్ని తర్వాత తేల్చితే నలుసులు లేస్తాయన్న అభ్యంతరం సబబే, దానికి మందు ట్రైపాడ్, తక్కువ ఐఎస్ఓ. వేర్వేరు ఎక్స్‌పోజర్లు కలిపితే అన్నీ కనిపిస్తాయి కదా అంటారు. కట్టడం వివరాల నమోదుకైతే అదే సరి. మిగతా చోట్ల ఆ పని ఇంటి స్వభావాన్నే చెరుపుతుంది. చీకటిగది పెళ్లిపందిరిలా వెలగకూడదు. మబ్బు పట్టిన శ్రావణంలో వెలుగునీడల ఈ తేడా బాగా తగ్గుతుంది, పెంకులు జారిన కంతల దగ్గర తప్ప.