కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు: పాత కార్డు ఓవర్‌క్లాకింగ్ ఎంత వరకు సేఫ్?

గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, కొత్త కార్డు కావాలని పిల్లలు అడుగుతున్నారా? వేలకు వేలు పెట్టే ముందు పాత కార్డును ఓవర్‌క్లాక్ చేసి చూడొచ్చు. అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే కాస్త ఎక్కువ వేగంతో చిప్‌ను నడపడం.

2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 6జీబీ కార్డునే తీసుకుందాం. బూస్ట్ వేగం 1708 మెగాహెర్ట్జ్, వాడకం 120 వాట్లు.

ముందు దుమ్ము సంగతి చూడాలి. టేబుల్ కింద ఏళ్లుగా ఉన్న సీపీయూలో ఫ్యాన్లు మూసుకుపోయి ఉంటాయి. ప్లగ్ తీసేసి బ్రష్‌తో శుభ్రం చేయండి. థర్మల్ పేస్ట్ ఎండిపోతే మార్పించండి. వేడెక్కితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, ఒక్కోసారి దీంతోనే పని అయిపోతుంది.

తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పవర్ లిమిట్ కొంచెం పెంచి, కోర్ క్లాక్‌ను 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ పోవాలి. పెంచిన ప్రతిసారీ యూనిజిన్ హెవెన్ టెస్ట్ పావుగంట నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, గేమ్ మూసుకుపోయినా రెండు మెట్లు వెనక్కి రండి. మెమరీ క్లాక్ కూడా ఇంతే, కానీ విడిగా చేయాలి. వోల్టేజ్ జోలికి వెళ్లొద్దు. ఈ కార్డు గరిష్ఠ పరిమితి 94 డిగ్రీలు. 83 దాటకపోతే మంచిది. మే నెల ఎండల్లో మరీ జాగ్రత్త. వారం రోజులు సాఫీగా నడిచాకే స్టార్టప్ సెట్టింగ్ ఆన్ చేయండి.

లాభం మామూలుగా 5 నుంచి 10 శాతం. 50 ఫ్రేములు 54 అవుతాయేమో గానీ 20 ఫ్రేములు 40 కావు. 6జీబీ మెమరీ 8 కాదు. చవకరకం పవర్ సప్లై ఉంటే అసలు మొదలే పెట్టొద్దు.