వెల్లకిలా పడుకున్న పసిబిడ్డ

మా లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇప్పటికీ 21వ రోజున తొట్టెల కట్టి బిడ్డను వెల్లకిలా పడుకోబెడతాం. ఎందుకని అమ్మమ్మలను ఎవరూ అడగలేదు. ఈ ఒక్క సంగతి మీద పెద్దపెద్ద డాక్టర్లే ఏళ్ల తరబడి పొరబడ్డారు తెలుసా!

అమెరికా పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్ 1950లలో తన పుస్తకంలో బోర్లా పడుకోబెట్టమని రాశారు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని ఆయన భయం. లక్షలమంది తల్లులు నమ్మారు. ఏ జబ్బూ లేని పిల్లలు నిద్రలోనే పోయేవారు. 1991 జులైలో బ్రిటన్ టీవీ యాంకర్ ఆన్ డైమండ్ నాలుగు నెలల కొడుకు అలాగే పోయాడు. ఆ తల్లి న్యూజిలాండ్ వెళ్లింది. అక్కడ అప్పటికే బోర్లా వద్దని చెబుతున్నారు. తిరిగొచ్చి పట్టుబట్టింది. ఆ డిసెంబరులోనే బ్రిటన్‌లో ప్రచారం మొదలై, కొన్నేళ్లలో ఆ చావులు సగానికి పైగా తగ్గాయి.

అలాగని పాతదంతా మంచిదనను. చీర తొట్టెలలో ఒళ్లు వంగి, గడ్డం ఛాతీకి ఆనితే బిడ్డకు ఊపిరాడదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల మెత్తా వద్దు. (అత్తమ్మలు గులుగుతారు, గులగనీ!) మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లముందు కాసేపు బోర్లా వేస్తే తల ఒకవైపే నొక్కుకుపోదు.

తొట్టెలలో ఊపినా, నిద్ర పట్టగానే తీసి మన మంచం పక్కనే వేరుగా, గట్టి చదును పరుపు మీద వెల్లకిలా వేయండి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర కూడా ఇచ్చారు, అది ఉంటే పైన కప్పండి. దుప్పటి మాత్రం ముఖం దాకా రానివ్వకండి.