భారతదేశంలో విదేశీయులతో వివాహ నమోదు, పేరు మార్పు

భారతదేశ పౌరులు ఇతర దేశాల పౌరులను వివాహం చేసుకున్నప్పుడు ఆ వివాహాన్ని ఇరు దేశాల చట్టాలూ గుర్తించేందుకు జరిగే ప్రక్రియను విదేశీయులతో వివాహ నమోదు అంటారు. వివాహం తరువాత భార్య గాని, భర్త గాని పేరును మార్చుకోవడం, మారిన పేరును పాస్‌పోర్టు మొదలైన పత్రాలలో చేర్పించడం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి. భారతదేశంలో జరిగే ఇటువంటి వివాహాలకు ముఖ్యంగా ప్రత్యేక వివాహ చట్టం, 1954, విదేశాలలో జరిగే వాటికి విదేశీ వివాహ చట్టం, 1969 వర్తిస్తాయి. వివాహం వలన ఎవరి పౌరసత్వమూ దానంతట అది మారదు. అలాగే వివాహం వలన ఎవరి పేరూ దానంతట అది మారదు. ఈ రెండు విషయాలపై ఉన్న అపోహల వలన అనేక దంపతులు వీసా, వారసత్వం, విడాకుల విషయాలలో ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు.

చరిత్ర

మతంతో సంబంధం లేని పౌర వివాహానికి భారతదేశంలో మొదటి చట్టం బ్రిటిషు పాలనలో 1872లో వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత దాని స్థానంలో ప్రత్యేక వివాహ చట్టం చేయబడింది. ఇది 1955 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. విదేశాలలో భారత పౌరుల వివాహాలపై న్యాయ కమిషను 1962లో తన 23వ నివేదికను సమర్పించింది. దాని ఆధారంగా 1969లో విదేశీ వివాహ చట్టం వచ్చింది. మతం ఏదైనా వివాహాలన్నిటినీ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరి 14న రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 2002లో, వివాహాల తప్పనిసరి నమోదుకు చట్టం చేశారు.

వర్తించే చట్టాలు

వివాహం ఎక్కడ జరుగుతుంది, వధూవరుల మతం ఏమిటి అన్నదానిని బట్టి చట్టం మారుతుంది.

- ప్రత్యేక వివాహ చట్టం, 1954: ఏ మతానికి చెందిన ఇద్దరైనా, మతం మారకుండా దీని క్రింద వివాహం చేసుకోవచ్చు. చట్టం "ఇద్దరు వ్యక్తులు" అని మాత్రమే పేర్కొన్నందున విదేశీయులకు కూడా ఇది వర్తిస్తుంది.
- హిందూ వివాహ చట్టం, 1955: ఇద్దరూ హిందువులు అయి ఉండాలి. హిందువులతో పాటు బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తారు. వేరొక మతానికి చెందిన విదేశీయులు మతం మారితేనే దీని క్రింద వివాహం చెల్లుతుంది.
- భారత క్రైస్తవ వివాహ చట్టం, 1872: వధూవరులలో ఒకరైనా క్రైస్తవులైతే వర్తిస్తుంది.
- విదేశీ వివాహ చట్టం, 1969: వివాహం విదేశంలో జరిగినప్పుడు వర్తిస్తుంది. వధూవరులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి.

గుడిలో పెళ్లి చేసుకుని దేవస్థానం ఇచ్చిన పత్రాన్నే వివాహ ధ్రువపత్రంగా భావించడం తరచుగా కనిపించే పొరపాటు. అది పెళ్లి జరిగిందనడానికి ఒక ఆధారం మాత్రమే. విదేశీ రాయబార కార్యాలయాలు సాధారణంగా ప్రభుత్వ రిజిస్ట్రారు జారీ చేసిన పత్రాన్నే కోరతాయి. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. పెళ్లి తంతు జరపకుండా హిందూ వివాహ చట్టం క్రింద నమోదు మాత్రం చేయించుకుంటే ఆ వివాహం చెల్లదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. వీసా గడువు కోసం ముందుగా నమోదు చేయించుకుని, పెళ్లి తరువాత జరుపుకుందామనుకునే జంటలకు ఈ తీర్పు ముఖ్యమైనది.

ప్రత్యేక వివాహ చట్టం క్రింద ప్రక్రియ

వరునికి 21 సంవత్సరాలు, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండాలి. ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య లేదా భర్త ఉండరాదు. వారు నిషిద్ధ బంధుత్వం గలవారై ఉండరాదు. ప్రక్రియ ఈ క్రింది విధంగా సాగుతుంది.

1. నోటీసు: ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. తెలుగు రాష్ట్రాలలో రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ అధికారులు ఈ బాధ్యత నిర్వహిస్తారు.
2. ప్రకటన: నోటీసును పుస్తకంలో నమోదు చేసి, నకలును కార్యాలయంలో అందరికీ కనపడే చోట అంటిస్తారు. నోటీసు ఇచ్చినవారి శాశ్వత నివాసం వేరొక జిల్లాలో ఉంటే అక్కడి అధికారికి కూడా నకలు పంపుతారు.
3. అభ్యంతరాలు: 30 రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. అది చట్టంలోని షరతులకు సంబంధించినదై ఉండాలి. కులం, మతం, తల్లిదండ్రుల అయిష్టత అభ్యంతరాలుగా చెల్లవు. అధికారి 30 రోజుల లోపు విచారణ ముగించాలి. వివాహం జరిపించడానికి నిరాకరిస్తే జిల్లా కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.
4. వివాహం: ముగ్గురు సాక్షుల సమక్షంలో వధూవరులు ప్రకటనపై సంతకాలు చేస్తారు. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు వివాహం జరగకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వాలి.
5. ధ్రువపత్రం: అధికారి వివాహ ధ్రువపత్రాన్ని జారీ చేస్తారు. వివాహం జరిగిందనడానికి ఇది తిరుగులేని సాక్ష్యం.

సెలవుపై భారతదేశానికి వచ్చే జంటలకు ఈ కాలపరిమితులే పెద్ద అడ్డంకి. 30 రోజుల నివాసం, ఆపై 30 రోజుల నోటీసు కలిపి రెండు నెలలకు పైగా పడుతుంది. అయితే నివాస నిబంధన ఇద్దరిలో ఒక్కరికి వర్తిస్తే చాలు కనుక, భారతదేశంలో నివసిస్తున్నవారి జిల్లాలో నోటీసు ఇస్తే మొదటి 30 రోజులు కలిసివస్తాయి.

నోటీసును బహిరంగంగా ప్రకటించడం వలన పెద్దల ఇష్టానికి వ్యతిరేకంగా పెళ్లి చేసుకునే జంటలకు బెదిరింపులు ఎదురవుతున్నాయనే విమర్శ ఉంది. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు ఈ ప్రకటన జంట ఇష్టాన్ని బట్టి జరగాలని తీర్పు ఇచ్చింది. వేరే పద్ధతిలో ఇప్పటికే పెళ్లి జరిగినవారు ఇదే చట్టంలోని 15వ సెక్షను క్రింద నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు నమోదు నాటికి ఇద్దరికీ 21 సంవత్సరాలు నిండి ఉండాలి.

స్వలింగ వివాహాలను ఈ చట్టం క్రింద గుర్తించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది.

విదేశీయులు సమర్పించవలసిన పత్రాలు

- చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, వీసా
- పుట్టిన తేదీకి ఆధారం
- వివాహానికి ఆటంకం ఏదీ లేదని తెలిపే ధ్రువపత్రం. దీనిని స్వదేశపు అధికారులు లేదా ఆ దేశ రాయబార కార్యాలయం ఇస్తుంది.
- పూర్వ వివాహం ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం
- ఇతర భాషలలో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన అనువాదం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దేశవ్యాప్త వివాహ రిజిస్టరు లేదు. కనుక అక్కడి పౌరులు తాము అవివాహితులమని తామే ప్రమాణం చేసి అఫిడవిట్ సమర్పిస్తారు. కొన్ని ఐరోపా దేశాలలో మాత్రం స్థానిక సంస్థ రిజిస్టరును పరిశీలించి అధికారికంగా ధ్రువపత్రం ఇస్తుంది.

విదేశంలో వివాహం

విదేశీ వివాహ చట్టం క్రింద ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయపు లేదా కాన్సులేటు అధికారి వివాహాధికారిగా వ్యవహరిస్తారు. ఇక్కడ కూడా ఇద్దరిలో ఒకరు 30 రోజులుగా అక్కడ నివసిస్తూ ఉండాలి. స్థానిక చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్న తరువాత 17వ సెక్షను క్రింద కాన్సులేటులో నమోదు చేయించుకునే వీలు ఉంది.

అమెరికా పౌరులను పెళ్లి చేసుకోబోయేవారికి ఆ దేశం కె-1 అనే వీసా ఇస్తుంది. దీనిపై వెళ్ళినవారు 90 రోజుల లోపు అక్కడ వివాహం చేసుకోవాలి. ఈ వీసా పెళ్లి కానివారికి మాత్రమే. తెలుగువారి ఇళ్ళలో నిశ్చితార్థం పూలదండలు, పురోహితుడు, బంధుమిత్రులతో పెళ్లిని తలపించేలా జరుగుతుంది. ఆ ఛాయాచిత్రాలు చూసి వివాహం అయిపోయిందేమోనని వీసా అధికారులు ప్రశ్నించే అవకాశం ఉంది.

అపోస్టిల్

ఒక దేశపు ప్రభుత్వ పత్రం మరొక దేశంలో చెల్లడానికి వేసే ప్రత్యేక ముద్రను అపోస్టిల్ అంటారు. 1961 నాటి హేగ్ ఒప్పందం దీనికి మూలం. భారతదేశంలో ఈ ఒప్పందం 2005 జూలై 14 నుండి అమలులో ఉంది. వివాహ ధ్రువపత్రాన్ని ముందుగా రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరిస్తారు. తరువాత విదేశీ వ్యవహారాల మంత్రిత్వశాఖ అపోస్టిల్ వేస్తుంది. ఒప్పందంలో లేని దేశాలకు పంపే పత్రాలపై ఆ దేశ రాయబార కార్యాలయపు ముద్ర కూడా కావాలి. కెనడాలో ఈ ఒప్పందం 2024 జనవరి 11 నుండి అమలులోకి వచ్చింది. భారతదేశం చేరినప్పుడు జర్మనీ వంటి కొన్ని సభ్యదేశాలు అభ్యంతరం తెలిపాయి. కనుక ఒప్పందంలో ఉన్న దేశమైనా భారతీయ అపోస్టిల్‌ను అంగీకరిస్తుందో లేదో ముందుగా తెలుసుకోవాలి. అపోస్టిల్ ముద్ర సంతకం, హోదా నిజమైనవని మాత్రమే చెబుతుంది. పత్రంలోని విషయం నిజమని చెప్పదు.

పేరు మార్పు

పెళ్లి తరువాత భార్య భర్త ఇంటిపేరును స్వీకరించాలని భారతదేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. అది ఆచారం మాత్రమే. పుట్టింటి పేరునే కొనసాగించవచ్చు. మార్చుకోదలచినవారికి పాస్‌పోర్టు కార్యాలయంలో వివాహ ధ్రువపత్రం లేదా నిర్ణీత నమూనాలో దంపతుల ఉమ్మడి ప్రకటన ఆధారంగా ఉపయోగపడుతుంది. పేరు పూర్తిగా మార్చుకుంటే ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు, గెజిట్ ప్రచురణ అవసరమవుతాయి.

తెలుగు పేర్లతో సమస్యలు

తెలుగువారు ఇంటిపేరును ముందు, వ్యక్తి పేరును తరువాత వ్రాస్తారు. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించడం కూడా అలవాటు. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు, వ్యక్తి పేరుకు వేర్వేరు గడులు ఉంటాయి. పదవ తరగతి పత్రంలో "కె. లక్ష్మి" అని ఉన్న స్త్రీ పేరు పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతోను, వివాహ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరుతోను ఉంటే, ముగ్గురూ ఒకరేనని ఆమె ప్రతిచోటా నిరూపించుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో వ్యక్తి పేరు స్థానంలో "ఎఫ్.ఎన్.యు." అనే అక్షరాలు ముద్రిస్తారు. "పేరు తెలియదు" అని వాటి అర్థం. ఆ అక్షరాలే తరువాత బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు పత్రాలలోకి కూడా చేరుతుంటాయి. ఒకే పదం పేరుగా గల పాస్‌పోర్టులపై సందర్శక వీసాతో వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది.

అందువలన వివాహ నోటీసులో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులలో ఉన్న అక్షరక్రమంలోనే వ్రాయడం మేలు. పేరు మార్పు ఏదైనా వివాహ నమోదు పూర్తయ్యాక, ముందుగా పాస్‌పోర్టులో, ఆ తరువాత మిగిలిన పత్రాలలో చేయించడం సులువు.

ఇతర దేశాలలో

- కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1981 నుండి భార్య చట్టపరమైన పేరు పుట్టుకతో వచ్చినదే.
- గ్రీసులో 1983 నుండి ఇదే విధానం ఉంది.
- ఫ్రాన్సులో పౌర రికార్డులలో జన్మనామం మారదు. జీవిత భాగస్వామి పేరును వాడుక పేరుగా చేర్చుకోవచ్చు.
- జపానులో దేశీయ దంపతులకు ఒకే ఇంటిపేరు తప్పనిసరి. విదేశీయులను పెళ్లి చేసుకున్నవారికి ఈ నియమం వర్తించదు. ఇష్టమైతే ఆరు నెలల లోపు తెలియజేసి విదేశీ భాగస్వామి ఇంటిపేరును స్వీకరించవచ్చు.
- జర్మనీలో 2025 మే 1 నుండి దంపతులిద్దరూ జంట ఇంటిపేరును పెట్టుకునే వీలు కలిగింది.

పౌరసత్వం, నివాసం

భారత పౌరులను పెళ్లి చేసుకున్న విదేశీయులకు ఎక్స్-2 అనే ప్రవేశ వీసా ఇస్తారు. వివాహం నమోదై, దరఖాస్తుకు ముందు కనీసం రెండు సంవత్సరాలు కొనసాగి ఉంటే ఓ.సి.ఐ. కార్డుకు అర్హత వస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ అవకాశం లేదు. విడాకులు జరిగితే ఈ విధంగా పొందిన కార్డును రద్దు చేయవచ్చు. భారత పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఏడు సంవత్సరాలు భారతదేశంలో నివసించి ఉండాలి. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. విదేశీ పౌరసత్వం స్వచ్ఛందంగా స్వీకరించినవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు.

వారసత్వం, విడాకులు

ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్లి చేసుకున్నవారి ఆస్తికి సాధారణంగా భారత వారసత్వ చట్టం, 1925 వర్తిస్తుంది. ఇద్దరూ హిందువులైతే 1976 సవరణ ప్రకారం ఈ నియమం వర్తించదు.

విదేశీ కోర్టులు ఇచ్చే విడాకుల విషయంలో 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రధానమైనది. 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్లి చేసుకున్న దంపతులలో భర్త, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కోర్టులో విడాకులు పొంది మళ్ళీ పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులను సుప్రీంకోర్టు గుర్తించలేదు. వివాహం ఏ చట్టం క్రింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీదనే, అధికార పరిధి గల కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లుతాయని పేర్కొంది. ఎదుటి పక్షం స్వచ్ఛందంగా హాజరై ఆ కోర్టు పరిధికి లోబడినప్పుడు, లేదా విడాకులకు సమ్మతించినప్పుడు మినహాయింపులు ఉన్నాయి. విదేశంలో ఉన్న భర్త పంపిన విడాకుల పత్రం చేతికి అందినంత మాత్రాన భార్య హక్కులు ముగిసిపోవని ఈ తీర్పు వలన తేలింది.

ప్రవాస భారతీయుల వివాహ సమస్యలపై సమగ్ర చట్టం అవసరమని న్యాయ కమిషను 2024 ఫిబ్రవరిలో తన 287వ నివేదికలో సిఫారసు చేసింది.

ఇవి కూడా చూడండి

- హిందూ వివాహ చట్టం
- భారత పౌరసత్వం
- ప్రవాస భారతీయులు
- తెలుగువారి ఇంటిపేర్లు